గవాక్షి లేని ఇల్లు

ఏసుమణికి చలి అంటే భయం లేదు. చలికి తాను చేసే ఏర్పాట్లలో ఇంకొకరు వేలు పెడితేనే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

పత్తికొండ చుట్టుపక్కల ఎండకు మనిషి పడిపోతే పేపర్లో వేస్తారు. పందిరి వేసి మజ్జిగ పోస్తారు, పందిరి మీద నాయకుడి బొమ్మ కడతారు. చలికి అట్లాంటి మర్యాదలేవీ లేవు. డిసెంబరులో ముసలివాళ్ళు పోతే వయసైపోయిందంటారు. పసిబిడ్డ పోతే దేవుడు తీసుకున్నాడంటారు. చలి పేరు మాత్రం ఎవరూ ఎత్తరు.

ఈ ఏడు దేవుడు ఎవరినైనా తీసుకోదలుచుకుంటే పక్క వీధి చూసుకోవాలని ఏసుమణి గట్టిగా అనుకుంది. కారణం, కూతురు దీవెన పుట్టింటికి కాన్పుకొచ్చి పత్తికొండ ఆస్పత్రిలో ఆడపిల్లను కన్నది. రెండు కిలోల వంద గ్రాములు. మన కోడిపెట్ట గూడా ఇంతకంటే బరువుంటాదని మొగుడు ఏసేపు నోరు జారి, ఆ రోజంతా పెళ్ళాం చేత తిట్లు తిన్నాడు. నిజానికి ఏసుమణికీ అదే అనిపించింది. అందుకే అన్ని తిట్లు తిట్టింది.

ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ, బిడ్డ బరువు తక్కువుంది, చలి తగలనీయొద్దు, తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు వేసి, బట్టలడ్డం లేకుండా రొమ్ముకు ఆనించుకుని పైన దుప్పటి కప్పుకోవాలని చెప్పింది. తల్లికి నడుము నొప్పెడితే ఇంట్లో ఇంకెవరైనా అట్లా పెట్టుకోవచ్చంది. ఎవరి ఒళ్ళు వెచ్చగా ఉంటే వాళ్ళు, మగవాళ్ళైనా సరే అంది. ఏసుమణి తలూపింది. ఆమె తలూపిందంటే వినలేదని అర్థం. ముగ్గురు బిడ్డలను కని, పేటలో పాతికమంది బాలింతలకు నీళ్ళు పోసిన మనిషికి, పెళ్ళి కూడా కాని నర్సు పిల్ల చలి గురించి పాఠం చెప్పడం ఏమిటి.

బాలింతకు కావలసింది కుంపటి. తుమ్మకట్టె నిప్పులు కుంపట్లో పోసి, వాము, వెల్లుల్లి పొట్టు, కాస్త సాంబ్రాణి చల్లి, మంచం కింద పెట్టాలి. తలుపు మూయాలి. సందులన్నీ కుక్కాలి. ఆమె అత్త ఆమెకట్లా చేసింది. ఆమె అత్తకు ఇంకో అత్త చేసింది. ఎవరికీ ఏమీ కాలేదు.

అయితే ఆ అత్తలంతా పేటలోని మట్టిమిద్దెల్లో ఉన్నారు. ఏసుమణి వాళ్ళు మొన్న ఎండాకాలం నుంచి ఊరి బయట కొత్త కాలనీలో ఉంటున్నారు. సర్కారు ఇల్లు. ఒకటే గది, దానికో ఇనుప తలుపు, ఒక కిటికీ, పైన సిమెంటు స్లాబు. ఎండాకాలం అందులో రొట్టెలు కాల్చుకోవచ్చు. చలికాలం అందులో ఐసు పెట్టి అమ్ముకోవచ్చు. చుట్టూ నల్లరేగడి చేన్లు. చెట్టన్నది లేదు. హంద్రీ నది వైపు నుంచి గాలి లేచిందంటే నేరుగా వచ్చి ఏసుమణి తలుపునే కొడుతుంది.

డిసెంబరు రెండో వారంలో ఓబుళేశు కాలనీకి దుప్పట్లు పంచడానికొచ్చాడు. ఓబుళేశు ఊళ్ళో పెద్ద కుటుంబం మనిషి. ఏ పార్టీ గెలిస్తే ఆ పార్టీకి అంతకుముందు రోజు నుంచే పనిచేస్తున్నవాడు. కాలనీ ఇళ్ళు దగ్గరుండి కట్టించింది కూడా తానేనని చెప్పుకుంటాడు. షామియానా వేశారు. పొద్దున ఏడు గంటలకు రమ్మన్నారు, తొమ్మిదిన్నరకు వచ్చాడు. అంతసేపూ ముసలాళ్ళు వణుకుతూ నిలబడ్డారు. దుప్పట్ల మూటలు వాళ్ళ ముందే ఉన్నాయి. ఫోటో తీసేవాడు రాందే విప్పకూడదట.

ఏసుమణి వంతు వచ్చినప్పుడు ఆమె దుప్పటి విప్పి రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది.

"ఓబుళేశప్పా, దీంట్లోనుంచి నీ మొగం బాగా కనపడతాండాది."

జనం నవ్వారు. ఓబుళేశూ నవ్వాడు. ఫోటోలో నవ్వు బాగానే పడింది. దుడ్లు పెట్టి కొన్నదమ్మా, ఉత్తగా వచ్చిందేం కాదని మెల్లగా అన్నాడు. ఎవరి దుడ్లని అడగబోతుంటే ఏసేపు కొంగు పట్టి లాగాడు.

దుప్పటి కప్పుకోవడానికి పనికిరాకపోయినా ఏసుమణి దాన్ని వృథా చేయలేదు. చుట్టచుట్టి కిటికీ సందులో కుక్కింది. తలుపు కిందికి గోతాం పట్టా. గొళ్ళెం పక్కనున్న బెజ్జానికి పాత రవికె గుడ్డ. గదిలో దీవెన, బిడ్డ, మంచం కింద కుంపటి, మూలన గంప కింద పొదిగి లేచిన కోడిపెట్ట, దాని తొమ్మిది పిల్లలు. బయట ఉంచితే చలికి చస్తాయని వాటినీ లోపలికే తెచ్చింది.

కుంపటి పెట్టిన రెండో రోజు సాయంత్రం ఆశా వర్కరు రామలక్ష్మమ్మ బిడ్డను తూకం వేయడానికొచ్చింది. బోయ వాళ్ళ ఆడమనిషి, నలభై దాటినది, చెప్పిన మాటే పదిసార్లు చెప్పే రకం. లోపల అడుగుపెట్టగానే తూకం సంగతి మరిచిపోయింది.

"ఏసుమణక్కా, ఈ కుంపటి ముందు బయట పెట్టు."

"బయట పెడితే ఎవురికి కాయాల? రోడ్డుకా?"

"మూసిన ఇంట్లో బొగ్గులు పెట్టగూడదు. దాంట్లోనుంచి విషం గాలి వస్తాది. పొగుండదు, వాసనుండదు. నిద్రలోనే మనిషిని తీసకపోతాది."

"కనపడదు, వాసన రాదు, నువ్వు మాత్రం చూసినావు. మా పాస్టరయ్య గూడా దయ్యాల గురించి ఇట్లే చెప్తాడు."

"నవ్వులాట గాదక్కా. పత్తికొండలో మొన్న మీటింగులో డాక్టరు శానా సేపు చెప్పినాడు."

"ఆ డాక్టరు కుంపటి దగ్గర పుట్టినోడేనా, కనుక్కోకపోయినావా? మే, నా ముగ్గురు పిల్లోళ్ళూ కుంపటి మీద పెరిగినారు. ఇదో, ఈ దీవెన గూడా. సచ్చిందా?"

దీవెన మంచం మీద నుంచి నీరసంగా నవ్వింది. పొద్దుటి నుంచి తల నొస్తోందని అంది. బాలింతకు తల నొయ్యక కాలు నొస్తుందా అని తల్లి ఆ మాట అక్కడే నొక్కేసింది. రామలక్ష్మమ్మ ఇంకోసారి చెప్పింది, మరోసారి చెప్పింది, బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి కప్పి చూపించి వెళ్ళిపోయింది. ఆమె వీధి మలుపు తిరగ్గానే ఏసుమణి తలుపేసి గోతాం సరిచేసుకుంది.

రెండు రాత్రులు ఏమీ కాలేదు. దాంతో ఏసుమణికి ఇంకా బలం వచ్చింది. ఏమీ కాకపోవడానికి కారణం ఆమెకు తెలియదు. కారణం ఏసేపు బీడీ. ముసలాయన తలుపు దగ్గర పడుకుని గంటకోసారి లేచి, తలుపు తీసి, గడపలో కూర్చుని బీడీ కాల్చేవాడు. తలుపు తీసినప్పుడల్లా చలిగాలి రయ్యిన లోపలికి దూరేది. పెళ్ళాం దుప్పట్లోంచే తిట్టేది. అయినా వినేవాడు కాదు. ముప్పై ఏళ్ళు టమాటా మార్కెట్లో హమాలీ చేసిన మనిషి, బీడీ మానితే దగ్గు ఆగిపోతుందని భయం.

మూడో రోజు చలి బాగా ముదిరింది. సాయంత్రమే చేన్ల మీద మంచు దిగింది. ఏసుమణి భర్తను వాకిట్లో నిలబెట్టి కంబళి చేతికిచ్చింది.

"నువ్వు పోయి చర్చి వరండాలో పండుకో. ఆడ నీ ఇష్టం, ఎన్ని తలుపులైనా తీసుకో."

"నా బీడీల కట్ట దిండు కింద ఉండాది గదమే."

"పొద్దున్నే వచ్చి తీసుకుందువు. పో."

కంబళి మాత్రం మంచిది. ఆలూరు వైపు కురుబ వాళ్ళ దగ్గర ఏసేపు పెళ్ళప్పుడు కొన్న నల్ల కంబళి. వానకు తడవదు, చలికి లొంగదు, వాసనకు మాత్రం మేకపోతు పక్కన పడుకున్నట్టుంటుంది. ఏసేపు దాన్ని నెత్తిన వేసుకుని సణుక్కుంటూ పోయాడు. ఏసుమణి రెండు రేకు చేటల నిప్పులు అదనంగా పోసింది. ఆ రాత్రి తలుపు తెరుచుకోలేదు.

తెల్లవారుతుండగా ఆమెకు మెలకువ వచ్చింది. ఆ మెలకువ కూడా సరిగా రాలేదు. తల లోపల ఎవరో రోకలితో దంచుతున్నారు. లేవబోతే కాళ్ళు తనవి కావు. వయసనుకుంది. గాలి సోకిందనుకుంది. రామలక్ష్మమ్మ కళ్ళు మంచివి కావనుకుంది. అట్లా పడుకుని ఎవరెవరిని తిట్టాలా అని చూసుకుంటుంటే, ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని తోచింది.

కోడి అరవలేదు. ఆ కోడిపెట్ట రోజూ ఆమెకంటే ముందే లేచి గంపను కొట్టుకుంటూ కొంపంతా లేపేది. ఏసుమణి చేతుల మీద పాకుతూ పోయి గంప ఎత్తింది. కోడి మెడ నేలకు వాలిపోయి ఉంది. రెక్కల కింద పిల్లలు కూడా అట్లాగే ఉన్నాయి. ఒంటి మీద గాయం లేదు. పిల్లి జాడ లేదు, పాము జాడ లేదు. చలితో చచ్చే వీలే లేదు, కుంపటికి మూరెడు దూరంలో ఉన్నాయి.

పొగుండదు, వాసనుండదు.

మంచం వైపు తిరిగి కూతుర్ని పిలిచింది. పలకలేదు. చెంప మీద కొట్టింది. దీవెన కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసింది. బిడ్డ మూతి దగ్గర చెయ్యి పెడితే ఊపిరి తగిలిందో లేదో తెలియలేదు, చెయ్యే తిమ్మిరిగా ఉంది. ఏసుమణి తలుపు దగ్గరికి పాకింది. గొళ్ళెం తీసింది. తలుపు రాలేదు. తాను కుక్కిన గోతామే తలుపు కింద బిగుసుకుపోయి ఉంది. రెండు రోజులు కాలితో తన్ని తన్ని మరీ కుక్కింది. ఇప్పుడు దాన్ని లాగే బలం లేదు.

అప్పుడు బయట నుంచి దగ్గు వినపడింది.

ఏసేపు బీడీల కోసం వచ్చాడు. రాత్రంతా బీడీ లేక నిద్ర పట్టక, తెల్లవారకముందే వచ్చి తలుపు తట్టాలా వద్దా అని నిలబడ్డాడట. లోపల నుంచి పిలిచిన పెళ్ళాం గొంతు సరిగా పలకకపోయేసరికి భుజం ఆనించి తోశాడు. ముప్పై ఏళ్ళు టమాటా గంపలు మోసిన భుజం. తలుపు గోతాంతో సహా లోపలికి వచ్చింది.

ఏ చలిని అడ్డుకోవాలని ఇన్ని గుడ్డలు కుక్కిందో, ఏసుమణి ఆ చలిలోకే కూతుర్ని చంకలు పట్టి ఈడ్చుకొచ్చింది. దీవెన వాకిట్లో వాంతి చేసుకుని మూలిగింది. ఆ మూలుగు వినగానే ఏసుమణికి మొదటిసారి ఏడుపొచ్చింది. బిడ్డ మాత్రం గుడ్డ బొమ్మలా ఉంది. చల్లగాలి మొహానికి తగిలాక చిన్నగా, పిల్లి తుమ్మినట్టు, ఒక శబ్దం చేసింది.

బయటి చలికి ఏసుమణి ఒళ్ళు మంచులా అయిపోయింది. దీవెన ఒళ్ళూ అంతే. నర్సు పిల్ల చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది, ఎవరి ఒళ్ళు వెచ్చగా ఉంటే వాళ్ళు.

"చొక్కా ఇప్పు."

"ఏందిమే ఈ చలిలో?"

"ఇప్పుమంటాండా గదా."

ఏసేపు చొక్కా విప్పాడు. అరవై ఆరేళ్ళ నెరిసిన రొమ్ము మీద ఏసుమణి బిడ్డను బోర్లించి, టోపీ పెట్టి, కంబళి చుట్టేసింది. ఏసేపు వీధరుగు మీద కదలకుండా కూర్చున్నాడు. బీడీల కట్ట పది అడుగుల దూరంలో ఉన్నా అడగలేదు. ఇంతలో పక్కింటివాళ్ళు పిలిస్తే రామలక్ష్మమ్మ తలకు మఫ్లరు చుట్టుకుని పరిగెత్తుకొచ్చి, నూటెనిమిదికి ఫోన్ చేసింది. లోపలికి పోయి కుంపటి తెచ్చి వీధిలో బోర్లించింది.

పత్తికొండ ఆస్పత్రిలో దీవెనకు, బిడ్డకు, ఏసుమణికి కూడా ఆక్సిజన్ పెట్టారు. ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేమన్నాడు డాక్టరు. మధ్యాహ్నానికి బిడ్డ గొంతెత్తి ఏడ్చింది. సాయంత్రానికి పాలు తాగింది.

వరండా బెంచీ మీద రామలక్ష్మమ్మ పక్కన కూర్చుని ఏసుమణి ఒక మాట కోసం ఎదురుచూసింది. నేను చెప్పలేదా అంటుందని. అంటే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు. ఆమె అనలేదు. చివరికి తానే మొదలుపెట్టింది.

"మరి మా అత్త చేతిలో నేనెందుకు సావలేదు, చెప్పు?"

రామలక్ష్మమ్మకు తెలియదు. మీటింగులో అది చెప్పలేదు.

ఏసుమణి తన కాన్పులు గుర్తు చేసుకుంది. దీవెన పుట్టినప్పుడు పేటలో మట్టిమిద్దె కింద మంచం మీద పడుకుని రాత్రుళ్ళు తాను ఏం చేసేది? చుక్కలు చూసేది. నెత్తి మీద గవాక్షి ఉండేది. పొగ పోవడానికి, వెలుతురు రావడానికి మిద్దె కప్పులో వదిలిన మూరెడు బొక్క. వాన వస్తే మిద్దెక్కి దాని మీద బండ కప్పేవాళ్ళు. చలికి మాత్రం ఎన్నడూ కప్పలేదు. చలికి కప్పమని తాను ఏడిస్తే అత్త కొట్టినంత పని చేసింది. ఎందుకో చెప్పలేదు. ఆమెకూ తెలియదేమో. కుంపటి గురించి తరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. బొక్క గురించి ఎవరూ చెప్పలేదు, ప్రతి ఇంటికీ ఉండేది కనుక.

"మాకు గవాచ్చి ఉండ్య," అంది ఏసుమణి. "ఈ ముదనష్టపు ఇంటికి గవాచ్చి లేదు."

బెంచీ కొసన కూర్చున్న ఏసేపు గొంతు సవరించుకున్నాడు. కాలనీ కట్టేటప్పుడు కూలికి పోయిన మనిషి ఆయన. ఈ ఇంటికీ మొదట బొక్క ఉండేదని, కిటికీ పైన మూరెడు ఖాళీ వదిలారని, దానికి పెట్టాల్సిన సిమెంటు జాలీలు మేస్త్రీ తేలేదని, ఆఫీసరు చూడ్డానికొస్తున్నాడని రాత్రికి రాత్రి ఇటుకలు పెట్టి పూసేశారని చెప్పాడు.

"నీకెట్లా తెలుసు?"

"ఇటికెలు మోసింది నేనే గదమే."

ఏసుమణి ఆయన వైపు చూసిన చూపుకు రామలక్ష్మమ్మ పక్కకు జరిగింది.

ఆదివారం నాటికి అందరూ ఇంటికొచ్చారు. చర్చిలో పాటలయ్యాక సాక్ష్యాల వంతు. దేవుడు మేలు చేసినవాళ్ళు లేచి నలుగురిలో చెప్పుకునే సమయం అది. పాస్టరు జయకుమార్ మొహం వెలిగిపోతూ, మన ఏసుమణమ్మ ఇంట్లో జరిగిన అద్భుతాన్ని విందామన్నాడు. ఏసుమణి కొంగు నెత్తిన వేసుకుని లేచింది.

"అందరికీ వందనాలు. నా కూతుర్ని, నా మనవరాల్ని చంపబోయింది సైతాను గాదు. నేనే. ఆశా ఆమె వద్దని చెప్తే నవ్వినా. మూసిన ఇంట్లో నిప్పులు పెట్టినా. మా కోడిపెట్ట చచ్చి నాకు తెలివి తెచ్చింది. మా ఆయన బీడీ మమ్మల్ని రెండు రాత్రులు కాపాడింది. ఇంకెవురింట్లోనైనా కుంపటి ఉంటే ఇప్పుడే పోయి బయట పారేయండి. పాట తర్వాత పాడుకుందాం."

కోడి, బీడీ అనే మాటలు ఆ గోడలు సాక్ష్యంలో ఎప్పుడూ వినలేదు. జయకుమార్ దగ్గి, దేవుడు కోడి ద్వారా కూడా మాట్లాడగలడని ఏదో సర్దబోయాడు. కోడి మాట్లాడి కాదయ్యా, మాట్లాడకపోతేనే నాకు తెలిసిందని ఏసుమణి కూర్చుంటూ అంది. వెనక వరుసలో ముగ్గురు ఆడవాళ్ళు లేచి చెప్పులు కూడా వేసుకోకుండా ఇళ్ళకు పరిగెత్తారు. వాళ్ళ వెనకే పాస్టరు భార్య కూడా. పాస్టరింట్లోనూ ముసలమ్మ పక్కన కుంపటి ఉందని అప్పుడు అందరికీ తెలిసింది.

చర్చి నుంచి ఏసుమణి నేరుగా ఇంటికి పోయి గడ్డపార తీసింది. స్టూలు వేసి, రామలక్ష్మమ్మను పట్టుకోమంది. ఇటుకలు పెట్టిన చోటు ఏసేపు వేలితో చూపించాడు. ఆయన చొక్కా లేకుండా కంబళి కప్పుకుని ఉన్నాడు. కంబళి అంచులో చిన్న టోపీ కనపడుతోంది. ఆస్పత్రి నుంచి వచ్చాక దీవెన నిద్రపోయేటప్పుడల్లా ఆయనదే డ్యూటీ. కాలనీలో మగవాళ్ళు బాలింత వచ్చిందిరా అని ఎగతాళి చేశారు. ఆయన పట్టించుకోలేదు. బీడీ వాసన బిడ్డకు మంచిది కాదని రామలక్ష్మమ్మ అనడంతో మూడు రోజులుగా అది కూడా ముట్టలేదు. దగ్గు కూడా తగ్గింది. అది ఆయనకు నచ్చలేదు.

నాలుగు పోట్లకు ఇటుకలు ఊడాయి. సిమెంటులో ఇసుకే ఎక్కువ. మూరెడు వెలుతురు గోడ మీద పడింది. గోడ కొట్టే చప్పుడుకు పక్క ఇంటివాళ్ళు వచ్చి, సంగతి విని, మా ఇంటికీ ఉండాలి గదా అని తలలెత్తి చూసుకున్నారు. మధ్యాహ్నానికి కాలనీలో మూడు గడ్డపారలు పనిచేస్తున్నాయి.

ఆ సమయానికే ఓబుళేశు జీపు వచ్చింది. ఇళ్ళ ఫోటోలు తీసి పైకి పంపాలట. రంగు వేసిన గోడలకు వరుసగా బొక్కలు చూసి ఆయన జీపులోంచి దూకాడు. గవర్నమెంటు ఇల్లు పగలగొట్టడానికి మీకెవరు పర్మిషనిచ్చారని అడిగాడు. ఏసుమణి స్టూలు దిగి, మొహం మీది సున్నం తుడుచుకుని, మూయడానికి ఎవరు పర్మిషనిచ్చారో ముందు చెప్పమంది. ఆయన ఏదో అనబోయి, ఏసేపు కంబళిలోంచి బిడ్డ గట్టిగా ఏడవడంతో ఆగిపోయాడు. రెండు కిలోల మూడొందల గ్రాముల ఏడుపు.

ఆ మాట మార్చడానికేమో, లోపలికి తొంగిచూసి, కొత్త బొక్కలోంచి గాలి మొహానికి కొట్టేసరికి ఓబుళేశు భుజాలు ముడుచుకున్నాడు.

"ఏందమ్మా, చలి నేరుగా లోపలికి వస్తాండాది గదా."

ఏసుమణి కిటికీ సందులో ఇంకా ఉండిపోయిన దుప్పటి చుట్టను లాగింది. దులిపింది. దాన్ని తెచ్చి ఆయన భుజాల మీద మర్యాదగా కప్పింది.

"చలికి ఇచ్చినావు గదప్పా. కప్పుకో. ఎట్లుంటాదో నువ్వూ చూడు."

ఫోటో తీసేవాడికి అప్పటికే చేతిలో కెమెరా సిద్ధంగా ఉంది. అలవాటు కొద్దీ నొక్కేశాడు.